రాఘవులు రూటులో కారు రాదు

రాఘవులుకి కార్లు పడవు. కొందరికి వంకాయ పడదు, కొందరికి వానాకాలం పడదు, రాఘవులుకి కార్లు పడవు. ఈ ముక్క ఏ తణుకులోనో అని ఉంటే "పోన్లే, ఒంటికి మంచిదే" అని జనం ఊరుకునేవారు. అతనన్నది అమెరికాలో, అందులోనూ వర్జీనియాలో, షాంటిలీలో. కరివేపాకు రెబ్బకోసం కూడా కారు తియ్యాల్సిన ఊరది. అలాంటి ఊళ్ళో కాపురముంటూ కార్లు పడవనడం చేపల మార్కెట్లో కూచుని నీచువాసన పడదనడం లాంటిదని అతని భార్య కృష్ణకుమారి కనిపించినవాళ్ళందరికీ చెప్పుకునేది.

వాళ్ళింట్లో రెండు కార్లు పట్టే గరాజ్ ఉంది. సగంలో సైకిళ్ళు. మిగతా సగంలో కారుంది. ఉందంటే ఉంది, అంతే. దానిమీద పాత పూలదుప్పటి ఒకటి కప్పి ఉంటుంది. బియ్యం బస్తా తేవాల్సి వచ్చినా, ఎయిర్‌పోర్టులో చుట్టాలు దిగినా, పిల్లకి జ్వరమొచ్చినా రాఘవులు ఆ దుప్పటి తీసి, ఆముదం తాగినవాడి మొహం పెట్టుకుని స్టీరింగ్ పట్టుకుంటాడు. తిరిగొచ్చి మళ్ళీ దుప్పటి కప్పితేగానీ ఆ మొహం మామూలు కాదు. మిగతా సంసారమంతా సైకిలు మీదే. ఆఫీసుకి సైకిలు, గుడికి సైకిలు, దోసెలపిండికి సైకిలు.

పోనీ, అందరిలా రోడ్డు మీద తొక్కుతాడా అంటే అదీ లేదు. కారు కనబడే చోట చక్రం పెట్టడు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని పెద్దలు ఊరికే అన్లేదు. వాగు గట్టు, పార్కు వెనక కాలిబాట, చర్చి పెరడు, ఎవరిదో కంచెకీ ఇంకెవరిదో కంచెకీ మధ్య సందు, ఇవన్నీ శాటిలైట్ మ్యాపులో వెతికి వెతికి, బొంత కుట్టినట్టు కలిపి కుట్టి ఒక రూటు తయారుచేస్తాడు. చేసి, "ఒక్క కారు కూడా రాదు!" అని ఛాతీ విరుచుకుంటాడు.

నిజమే, కారు రాదు. తక్కినవన్నీ వస్తాయి. బురద వస్తుంది, బాతులు వస్తాయి, ముళ్ళకంప వస్తుంది. ఒకసారైతే ఎవరివో పెళ్ళి ఫోటోల మధ్యలోకి వెళ్ళి పడ్డారు. ఇదేమిటండీ అని ఎవరైనా నోరెత్తితే రాఘవులు దగ్గర ఒకటే ప్రశ్న.

"కారు వచ్చిందా?"

"రాలేదు గానీ..."

"మరింకేం!"

ఈ పిచ్చికి మూలం ఫ్రాన్స్ అని కృష్ణకుమారి సిద్ధాంతం. కొన్నేళ్ళ కిందట కంపెనీవాళ్ళు అతన్ని ఒక ప్రాజెక్టు మీద టులూజ్ పంపించారు. అక్కడ వీకెండ్ తోచక సైకిలు అద్దెకి తీసుకుని పల్లెటూళ్ళ వైపు వెళ్ళాడట. కాలువ గట్టు మీద సైకిళ్ళకోసమే వేసిన నున్నటి రోడ్డు, రెండు పక్కలా చెట్లు, ద్రాక్షతోటలు, ప్లమ్ పళ్ళ తోటలు, రోజంతా తొక్కినా ఒక్క హారన్ మోత లేదట. తిరిగొచ్చిన వారానికే, ఆదివారం పొద్దున్న ఇడ్లీ తింటూ తింటూ, "కుమారీ, ఇవాళ్టినించీ నాకు కార్లు పడవు" అని ప్రకటించాడు. ఆమె ఇంకో ఇడ్లీ వేస్తూ "చట్నీ పడుతుందా?" అని అడిగింది. నాలుగు రోజుల ముచ్చట అనుకుంది పాపం.

ఇక్కడ కృష్ణకుమారి సంగతి ఒకటి చెప్పాలి. ఇది ఆమె ఎవరికీ చెప్పలేదు, మనకి మాత్రం తెలుసు.

రాఘవులు టులూజ్‌లో ఉండగా ఇక్కడ ఉగాది వచ్చింది. గుళ్ళో అందరూ తలో వంటకం తెచ్చే పాట్‌లక్ కోసం కృష్ణకుమారి పెద్ద ట్రే నిండా పులిహోర కలిపి, వెనక సీట్లో పెట్టుకుని, కొత్తగా వచ్చిన లైసెన్సుతో కొత్త ధైర్యంతో రూట్ ఫిఫ్టీ హైవే ఎక్కింది. లేన్ మారబోతుంటే పక్కనే ఒక పెద్ద ట్రక్కు గుండెలు అదిరిపోయేలా హారన్ కొట్టింది. ఆమె చేతులు వాటంతట అవే స్టీరింగ్ తిప్పేశాయి. కారు రోడ్డు మధ్య గడ్డిలోకి దూకి, ఒక బోర్డు స్తంభాన్ని పలకరించి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఒక్క పులిహోరకి తప్ప. అది ట్రేలోంచి లేచి ముందు అద్దమంతా పరుచుకుంది. ఆవాలూ వేరుశనగపప్పులూ ఏసీ కన్నాల్లోకి దూరాయి. ఆమె ఆ పసుపుపచ్చ అద్దం వెనకాల చాలాసేపు కూచుంది. ఎలా ఇంటికొచ్చిందో ఆమెకే తెలీదు. కానీ ఆ రోజునించీ స్టీరింగ్ ముట్టుకుంటే చేతులు వణుకుతాయి.

భర్తకి చెప్పాలంటే సిగ్గేసింది. బంపర్ సొట్ట మాత్రం కనిపిస్తూనే ఉంది కదా. ఆలోచించి ఆలోచించి ఒక కథ అల్లింది.

"వాకిట్లో పార్క్ చేసి ఉంటే జింకొచ్చి గుద్దిందండీ!"

రాఘవులు బంపర్ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "అయ్యో, జింకకేమైనా అయిందా?" అన్నాడు.

"లేదండీ, పారిపోయింది."

"పోన్లే, పాపం!"

అంతటితో ఆగితే రాఘవులు ఎందుకవుతాడు? కనిపించినవాళ్ళందరికీ ఆ జింక కథ చెప్పాడు. వర్జీనియాలో జింకలు కార్లకి అడ్డం రావడం మామూలే. ఆగి ఉన్న కారుని వెతుక్కుంటూ వచ్చి గుద్దిన జింక మాత్రం అదొక్కటే. కృష్ణకుమారి ప్రతిసారీ తల వంచుకుని పైట సర్దుకునేది.

ఆ మాటకొస్తే మొగుడి పిచ్చి ఆమెకి బాగానే కలిసొచ్చింది. "మీరు డ్రైవ్ చెయ్యరా?" అని ఎవరడిగినా, "నేను చేస్తానండీ, లైసెన్స్ కూడా ఉంది. ఈయనే, కారంటే చాలు, కస్సుమంటారు" అనేది. అందరూ రాఘవులుని చూసి నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. ఎంత పిచ్చి మొగుడైనా ఒక్కోసారి పనికొస్తాడని ఆమె మనసులో అనుకునేది.

అయితే ఆ పనికిరావడానికి ఆమె చెల్లించుకున్నది కూడా తక్కువేం కాదు. పక్క వీధి రాధారాణిగారింట్లో సత్యనారాయణ వ్రతం అన్నారు. కారులో ఒక పాట అయిపోయేలోపు చేరిపోయే దూరం. రాఘవులు వాగు గట్టు మీదుగా, గోల్ఫ్ మైదానం వెనకనించి రూటు వేశాడు. పట్టుచీర బ్యాక్‌ప్యాక్‌లో మడత పెట్టుకుని, సల్వారు కమీజులో సైకిలెక్కింది కృష్ణకుమారి. గోల్ఫ్ మైదానంలోకి రాగానే గడ్డికి నీళ్ళు పెట్టే గొట్టాలన్నీ ఒక్కసారి లేచి నిలబడి వాళ్ళని అభిషేకించాయి. ఆ తడికి తోడు బాతుల మంద ఒకటి సాంతం తరిమింది. అమెరికా బాతు మన బాతులా ఉండదు, దానికి ఆత్మాభిమానం ఎక్కువ. చేరేసరికి హారతి అయిపోయింది.

"అయ్యో కృష్ణా, వాన పడుతోందా?" అంది రాధారాణి తలుపు తీసి.

"వాన కాదండీ, మా ఆయన."

"కారు వచ్చిందా?" అన్నాడు రాఘవులు జుట్టు పిండుకుంటూ. "రాలేదుగా! ప్రసాదం ఉందాండీ?"

కిందటి వేసవిలో ఫ్రాన్స్ తీసుకెళ్తానన్నాడు. కృష్ణకుమారి పొంగిపోయింది. పారిస్, ఈఫిల్ టవర్, సెంటు సీసాలు అని కలలు కంది. ఈఫిల్ టవర్ కనిపించింది కూడా. విమానం కిటికీలోంచి, అదీ ముందు సీటాయన తల పక్కకి జరిపినప్పుడు. అక్కణ్ణించి తిన్నగా రైలెక్కించి టులూజ్, టులూజ్‌లో సైకిళ్ళు, సైకిళ్ళ మీద కాలువ గట్టు. "రూటంతా నేనే వేశాను. ఒక్క కారు కూడా రాదు!"

కృష్ణకుమారిది అత్తిలి. కాలువలూ లాకులూ చూస్తూ పుట్టింది. గరోన్ కాలువ గట్టు మీద మొదటి లాకు దగ్గర సైకిలు ఆపి, ఆ గేట్లూ ఆ నీళ్ళూ ఆ చెట్లూ చూసి, "ఇదేనా? ఇంతోటి కాలువగట్టు మా ఊళ్ళో లేదా? దీనికి పాస్‌పోర్టు కూడానా?" అంది.

"మీ ఊరి గట్టు మీద లారీలు రావూ?"

"వస్తాయి."

"మరి!"

పదో క్లాసు చదివే వాళ్ళమ్మాయి అవని ఫోన్ ఎత్తి ఆకాశం వైపు చూపించింది. "డాడ్, సిగ్నల్ లేదు. దిస్ ఈజ్ లిటరల్లీ నోవేర్!"

"అదేనమ్మా, నోవేర్‌లోనే కార్లుండవు."

కాలువ వదిలి ద్రాక్షతోటల మధ్య పల్లెటూరి రోడ్లలోకి దిగారు. గుట్టలెక్కి దిగితే ఒక ఊరొచ్చింది. ఊరంటే ఒక బేకరీ, ఒక చర్చి, ఒక పిల్లి. బేకరీకి సెలవు, చర్చికి తాళం, పిల్లి మాత్రం మెలకువగా ఉంది. ముందురోజు కొన్న గట్టి రొట్టెని చీల్చి, షాంటిలీనించి మోసుకొచ్చిన గోంగూర పచ్చడి రాసి, చర్చి మెట్ల మీద కూచుని తిన్నారు. నిజం చెప్పాలంటే అంత రుచైన భోజనం ఆ ఏడాదంతా చెయ్యలేదు. ద్రాక్షతోటల మీదనించి గాలి వస్తోంది. ఎక్కడో గంట మోగింది. కృష్ణకుమారి భుజాలు వాటంతట అవే కిందికి దిగాయి. వెనక ఏమొస్తోందో వినడానికి చెవులు రిక్కించి ఉంచడం తనకింత అలవాటైపోయిందని, అది లేనప్పుడుగానీ ఆమెకి తెలియలేదు. ఆ మాట బయటికి అనలేదు. "పచ్చడి ఇంకాస్త వెయ్యనా?" అంది.

ఆ సాయంత్రమే కారొచ్చింది.

బస వైపు వెళ్ళే సన్నటి తోటరోడ్డు. మలుపులోంచి అగ్గిపెట్టంత పాత కారు ఒకటి, నిండా ప్లమ్ పళ్ళ బుట్టలతో, దడదడమంటూ ఎదురొచ్చింది. అది వచ్చే వేగానికి పిల్లి కూడా భయపడదు. కానీ కృష్ణకుమారి కాళ్ళు బిగుసుకుపోయి, సైకిలుతో సహా పక్కనున్న గడ్డిలోకి ఒరిగిపోయింది. రాఘవులు సైకిలు విసిరేసి రోడ్డు మధ్యలోకి ఉరికి, రెండు చేతులూ బార్లా చాపి, పొలంలో దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. కారు ఆగింది. అందులోంచి ఒక ముసలమ్మగారు దిగి ఫ్రెంచిలో దులిపేసింది. రాఘవులుకి వచ్చిన ఫ్రెంచి ఒకటే మాట, థాంక్స్ చెప్పేది. తిట్టిన ప్రతి తిట్టుకీ "మెర్సీ, మెర్సీ" అన్నాడు. ఆవిడ అతన్ని చూసి, గడ్డిలో ఉన్న కృష్ణకుమారిని చూసి, ఏమనుకుందో ఏమో, తిట్లు ఆపి ఒక సంచీడు ప్లమ్ పళ్ళు చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

"డాడ్! మీరు ఒక గ్రాండ్‌మాని హైజాక్ చేశారు!" అంది అవని.

రాఘవులు నవ్వలేదు. భార్య చీలమండ తడుముతూ, "సారీ కుమారీ. ఈ ఒక్క రోడ్డూ ఎలా తప్పిపోయిందో" అన్నాడు. మర్నాటి రూటంతా మళ్ళీ మొదటినించీ వేశాడు.

షాంటిలీ తిరిగొచ్చాక కృష్ణకుమారి ఈ కథని ఊరంతా చెప్పింది. "కారుని చూసి ఇంత బెదిరిపోయే మగాణ్ణి నేనెక్కడా చూళ్ళేదమ్మా!" అని. తను గడ్డిలో పడిన ముక్క మాత్రం కథలో లేదు.

ఇలా సాగుతున్న సంసారంలోకి ఒక ఫోన్ కాల్ వచ్చింది.

కృష్ణకుమారి ఇండియాలో టీచర్. చిన్నపిల్లలంటే ప్రాణం. అమెరికా వచ్చాక వీసా పుణ్యమా అని ఏళ్ళ తరబడి ఇంట్లో కూచుని, వర్క్ పర్మిట్ రాగానే మాంటిస్సోరి కోర్సు చేసి, కనిపించిన బడికల్లా అప్లై చేసింది. చివరికి ఆల్డీ అనే ఊరు దాటాక, గుర్రాల మేతభూముల మధ్య ఉన్న ఒక చిన్న బడివాళ్ళు పిలిచారు. ఇంటర్వ్యూ వీడియోలో అయిపోయింది. ఆ బడి పెద్దావిడకి ఈమె తెగ నచ్చేసింది. "సోమవారంనించి రాగలరా? లేకపోతే శుక్రవారం లోపల చెప్పెయ్యండి, ఇంకొకరిని చూసుకుంటాం" అంది.

ఫోన్ పెట్టేసి కృష్ణకుమారి వంటింట్లో చిన్నపిల్లలా గెంతింది. గెంతుతూ గెంతుతూ ఆగిపోయింది. ఆల్డీకి దారి రూట్ ఫిఫ్టీ. పులిహోర రోడ్డు.

"ఏవండీ, మీ రూటేదో చూడండి మరి" అంది ధీమాగా.

రాఘవులుకి అది పదోతరగతి పబ్లిక్ పరీక్ష. కంప్యూటర్ ముందు కూచున్నాడు. అటు వాగు ఆల్డీకి ముందే పక్కకి తిరిగిపోతుంది. ఇటు తోటలన్నీ గుర్రాలవాళ్ళవి, అన్నిటికీ కంచెలే. స్వయంగా చూసొస్తానని సైకిలేసుకుని వెళ్ళాడు. సాయంత్రానికి ప్యాంటు ఒక కాలు చిరిగి, హెల్మెట్లో గడ్డితో తిరిగొచ్చాడు.

ఈసారి ప్రశ్న ఆమె అడిగింది. "కారు వచ్చిందా?"

"కారు రాలేదు" అన్నాడు రాఘవులు కుర్చీలో కూలబడి. "ఎద్దు వచ్చింది."

రాఘవులు "రూటు లేదు" అనడం ఆ ఇంట్లో ఎవరూ అంతవరకూ వినలేదు. ఆ రోజు విన్నారు. "నేనే రోజూ కారులో దింపుతాలే" అన్నాడు. సరిగ్గా బడివేళకి అతనికి ఇండియా టీమ్‌తో మీటింగ్. అది లేకుండా అతని ఉద్యోగమే లేదు. "ఆ మీటింగ్ మానేస్తా" అన్నాడు. "మీ ఉద్యోగం పోగొట్టి నేను ఉద్యోగం చెయ్యాలా? ఊరుకోండి" అంది ఆమె. అని ఊరుకోలేదు. ఏడుపొస్తోంది. అది ఎటు పోవాలో తెలీక మొగుడి మీదికి పోయింది.

"అంతా మీవల్లే! లోకంలో ఆడవాళ్ళందరూ కారేసుకుని ఝామ్మని పోతున్నారు. మీ దిక్కుమాలిన పట్టుదలవల్ల నేనిలా చక్రాల మధ్య ఇరుక్కుపోయాను. రేపు ఫోన్ చేసి రానని చెప్పేస్తా!"

రాఘవులు హెల్మెట్లో గడ్డి దులుపుకున్నాడు. "నిజమే కుమారీ, నావల్లే" అన్నాడు. "కానీ రేపు ఫోన్ చెయ్యకు. వస్తానని చెప్పు. నేను చూస్తాను." ఏం చూస్తాడో, ఏం చెయ్యాలో తెలీకుండానే ఆమె శుక్రవారం పొద్దున్న వస్తానని చెప్పేసింది. ఆ ఒక్క మాటతో నమ్మేసినందుకు రోజంతా తన్ను తనే తిట్టుకుంది.

ఆ సాయంత్రం రాకేష్ వచ్చాడు. రాకేష్ రాఘవులు ఆఫీసు కుర్రాడు, కరీంనగర్ మనిషి. కొత్త కారు కొన్నాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించి, కొబ్బరికాయ కొట్టించి తిన్నగా ఇక్కడికే తెచ్చాడు.

"వదినా, మొదలు అన్నకే సూపెట్టాలె. అన్న లేకుంటే ఆ డీలర్ నన్ను నిలువునా ముంచుతుండె!"

"మీ అన్నా? మీ అన్నకి కార్ల గురించేం తెలుసయ్యా?" అని నవ్వింది కృష్ణకుమారి.

రాకేష్ ఆమె కంటే గట్టిగా నవ్వాడు. "మస్తు జోక్ చేస్తున్నవ్ వదినా! అన్నకు కార్లంటే పానం గద! మా ఆఫీసుల ఎవరు కారు కొన్నా టెస్ట్ డ్రైవ్‌కు అన్ననే తీస్కపోతం. స్టీరింగ్ పట్టిండంటే ఇగ ఇయ్యడు. ఇంజిన్ సప్పుడు ఇని ఏం రోగమో చెప్తడు!"

ఆమె కిటికీలోంచి చూసింది. వాకిట్లో రాఘవులు కొత్త కారు బానెట్ తెరిచి లోపలికి తల పెట్టి ఉన్నాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఆ మొహంలో అంత వెలుగు ఆమె చూడలేదు. వేలితో ఏదో తట్టి చెవి ఆనించి వింటున్నాడు. తలెత్తి, కిటికీలో భార్యని చూశాడు. వెంటనే ఆముదం మొహం పెట్టేసి బానెట్ మూసేశాడు.

శనివారం పొద్దున్న టిఫిన్ కాగానే రాఘవులు చేతులు తుడుచుకుంటూ, "కుమారీ, రూటు దొరికింది" అన్నాడు.

"సైకిలు తియ్యనా?"

"వద్దు. దుప్పటి తియ్యి."

ఆమె గరాజ్‌లో దుప్పటి అంచు పట్టుకుని నిలబడిపోయింది. "నాకు డ్రైవింగ్ వచ్చండీ. మీకే కదా పడదు..." అని ఏదో అనబోయింది.

"ఇవాళ్టికి పడుతుందిలే. ఊరు దాటేదాకా నేను తోల్తాను."

ఊరు దాటాక రాఘవులు రూట్ ఫిఫ్టీ ఎక్కలేదు. ఒక పక్కరోడ్డులోంచి ఇంకో పక్కరోడ్డులోకి, అందులోంచి కంకరరోడ్డులోకి తిప్పాడు. ఆ వైపు పల్లెల్లో ఇప్పటికీ పాతకాలం కంకరరోడ్లున్నాయి. రెండు పక్కలా రాళ్ళగోడలు, వాటి వెనక గుర్రాలు, పైన చెట్లు గొడుగు పట్టినట్టు. కృష్ణకుమారికి ఆ ఫ్రాన్స్ తోటరోడ్డు గుర్తొచ్చింది.

రాఘవులు కారాపి దిగి, ఆమె వైపు తలుపు తీశాడు. "ఇక్కణ్ణించి మీ బడి గేటు దాకా ఇలాంటి రోడ్లే. నిన్న పొద్దున్నే సైకిలు మీద వచ్చి చూశా. ఈ రూట్లో ఒక్క కారు కూడా రాదు. మనది తప్ప."

ఆమె స్టీరింగ్ ముందు కూచుంది. చేతులు వణికాయి. రాఘవులు ఆ చేతుల వైపు చూడలేదు. గుర్రాల వైపు చూస్తూ కూచున్నాడు. కారు కదిలింది. ఎడ్లబండి దాటిపోయే వేగం. ఒక గుర్రం వాళ్ళతో పాటు కంచె పక్కన నడిచి, విసుగొచ్చి ముందుకెళ్ళిపోయింది.

"గేరు మార్చనా?" అందామె కంగారుగా.

"ఆటోమేటిక్ కారే బాబూ!"

మలుపు తిరిగారు. అప్పుడు, సినిమాలో కూడా ఇలా రాయరు, రాళ్ళగోడ మీదనించి ఒక జింక ఎగిరి రోడ్డు మధ్యలో దిగింది. కృష్ణకుమారి బ్రేకు మీద కాలు పెట్టింది. అరవలేదు, స్టీరింగ్ తిప్పలేదు. కారు బుద్ధిగా ఆగింది. జింక కూడా ఆగి, చెవులు నిక్కించి, వీళ్ళిద్దర్నీ పరీక్షగా చూసింది.

రాఘవులు అద్దంలోంచి దాన్ని తేరిపారజూసి, చాలా మామూలుగా అడిగాడు. "కుమారీ, ఆ రోజు మన కారుని గుద్దింది ఇదేనా?"

ఆమె నెమ్మదిగా తల తిప్పింది. "మీకు... తెలుసా?"

"నెల రోజులు ఏసీ వేస్తే ఇంగువ వాసన. కన్నాల్లో ఆవాలు. నువ్వేమో స్టీరింగ్ జోలికే పోవు. నీ జింక పోపు పెట్టుకుని వచ్చిందనుకోవాలా?"

"మరి అడగలేదే!"

"నువ్వు చెప్పలేదుగా. చెప్పాలనిపించినప్పుడు చెబుతావనుకున్నా. చెప్పలేదు. సరేలే, జింకే అనుకున్నా."

జింక రెండో గోడ దూకి వెళ్ళిపోయింది. కారు కదల్లేదు.

"అయితే కార్లు పడవని ఊరంతా చెప్పుకున్నది... మీకు పానమటగా, రాకేష్ చెప్పాడు!"

రాఘవులు దొరికిపోయిన పిల్లాడిలా ముక్కు రుద్దుకున్నాడు. "ఇంట్లో ఎవరో ఒకళ్ళకి కార్లు పడకూడదు కదా. నీకు పడవంటే అందరూ జాలిపడతారు. నాకు పడవంటే నవ్వుతారు. జాలికన్నా నవ్వు నయం కాదూ?"

ఇన్నేళ్ళూ తను ఊరంతా తిరిగి చెప్పిన కథలన్నీ కృష్ణకుమారికి ఒక్కసారి గుర్తొచ్చాయి. తను చెబుతుంటే పక్కనే కూచుని, అందరికంటే ముందు నవ్విన మనిషి కూడా గుర్తొచ్చాడు. ఎంత కోపమొచ్చిందంటే, అతని భుజం మీద ఒక్కటి వేసింది. తరవాత అదే భుజం మీద తల ఆనించింది.

"మరి ఆ ఫ్రాన్స్ పిచ్చి?" అంది తలెత్తి. "అదీ దొంగదేనా?"

"ఛఛ! అది మాత్రం నిజంగానే బాగుంటుంది."

ఆమె కళ్ళు తుడుచుకుని కారు ముందుకి పోనిచ్చింది. ఈసారి గుర్రాలు వెనకబడ్డాయి. మెట్ట ఎక్కుతుండగా ఎదురుగా దుమ్ము లేచింది. దుమ్ములోంచి ఒక పెద్ద ఎర్ర పికప్ ట్రక్కు, గడ్డిమోపులతో, కంకర ఎగరగొడుతూ వస్తోంది. రోడ్డేమో సన్నం.

"కుమారీ..." అన్నాడు రాఘవులు. "ఇది... ఇది శనివారం కదా, అందుకని... కావాలంటే నేను దిగి..."

చేతులు చాపి అడ్డం నిలబడడానికి అతని వేళ్ళు అప్పుడే తలుపు పిడి మీదికి పోయాయి.

"కూచోండి" అంది కృష్ణకుమారి.

వేగం తగ్గించింది. కుడివైపు గడ్డి అంచుకి జరిగింది. చేతులు వణుకుతున్నాయా లేదా అని చూసుకునే తీరిక లేకపోయింది. ట్రక్కు పక్కనించి వెళ్తుంటే, అందులోని ముసలి రైతు స్టీరింగ్ మీదనించి ఒక వేలు ఎత్తి పలకరించాడు. ఆమె కూడా ఒక వేలు ఎత్తింది. దుమ్ము సద్దుమణిగింది.

పక్కకి చూస్తే, రాఘవులు సీటు బెల్టు రెండు చేతులా పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూచున్నాడు.

"ఏవండీ, కళ్ళు తెరవండి."

"కారు వచ్చిందా?" అన్నాడు కళ్ళు మూసుకునే.

"వచ్చింది" అంది కృష్ణకుమారి, మెట్ట మీదికి కారు నడుపుతూ. "వెళ్ళిపోయింది కూడా."